గుండెకు మొహమాటం

పెరుగు గిన్నె అంచు నుంచి తీసుకోవాలి. ముప్పై ఎనిమిదేళ్ళుగా చెబుతున్నాను. ఆ రోజు కూడా మా ఆయన గరిటెను సరిగ్గా నడిమధ్యకి దించి, చక్కగా తోడుకున్న పెరుగులో బావి తవ్వారు. చూస్తూండగానే నీళ్ళు ఊరాయి.

"మళ్ళీ మధ్యలోనే తీశారా?" అన్నాను.

"తీస్తే ఏమవుతుంది? కడుపులోకి వెళ్ళాక అంచూ మధ్యా ఒకటే."

"సాయంత్రానికి మజ్జిగవుతుంది. అదవుతుంది."

"అయితే మజ్జిగే తాగుతాను."

"మీరు తాగుతారు. ఈ ఇంట్లో గడ్డపెరుగు తినే మనిషి ఇంకొకరున్నారని మీకెందుకు గుర్తుంటుంది?"

ఆయన కంచం పక్కన పెట్టుకున్న ట్యాబ్ వంక చూశారు. "నీ గుండె డెబ్భై ఆరు నుంచి తొంభై నాలుక్కి పోయింది కాత్యాయనీ. ఏం ఫరవాలేదు. ఇంకో నలభై సెకన్లలో దిగిపోతుంది," అన్నారు.

నిజంగానే దిగిపోయింది. దాంతో నాకు మరింత ఒళ్ళు మండింది. కోపం నాది. దాన్ని ఇంకొకరు నాకంటే ముందు చదివేసి, ఎప్పుడు చల్లారుతుందో నాకే చెప్పడమేమిటి?

ఆ చదివే వస్తువు పేరు గుండెబొట్టు. కనిపెట్టింది మా ఆయనే.

చిదంబరం గారు, అంటే మా ఆయన, వైద్య పరికరాల కంపెనీలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత కడియం నర్సరీల మధ్య కట్టిన ఈ 'ప్రసన్న వాటిక'కు వచ్చాం. అరవై దాటినవాళ్ళకే ఇక్కడ ఇళ్ళిస్తారు. నూట నలభై ఫ్లాట్లు. కిటికీ తీస్తే చామంతి మడులు, సంచుల్లో వరసగా నిలబెట్టిన గులాబీ మొక్కలు. క్లబ్ హౌస్ వెనక ఒక గది తీసుకుని ఆయన లాబ్ పెట్టుకున్నారు. మా అమ్మాయి మృదుల స్టాటిస్టిక్స్ చదివింది. రాజమండ్రి నుంచి స్కూటర్ మీద వచ్చి లెక్కల పని చూస్తుంది.

వాటికకి ఒక గుండె డాక్టరు కావలసివచ్చింది. వారానికోసారి ఇక్కడికి వచ్చి అందరినీ చూడాలి, అవసరమైతే తన ఆసుపత్రిలో చేర్చుకోవాలి. రాజమండ్రి నుంచి ఇద్దరు ముందుకొచ్చారు. ఒకరు డాక్టర్ లోకనాథ్, ఇంకొకరు డాక్టర్ సలోమి. మూడు నెలలు ఆయన మంగళవారం, ఆవిడ శుక్రవారం వచ్చేటట్టు, తర్వాత ఇద్దరిలో ఒకరినే ఉంచుకునేటట్టు అసోసియేషన్ తీర్మానించింది.

మొదటి నెల తర్వాత అభిప్రాయం రాయమని అందరికీ కాగితాలు పంచారు. తిరిగి వచ్చిన ప్రతి కాగితం మీదా ఇద్దరి గురించీ ఒకటే మాట: 'చాలా మంచివారు'.

ఎదురు బ్లాకులో ఉండే మాణిక్యాంబ గారు కూడా అదే రాశారు. ఆవిడ హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. భర్త పోయి పదేళ్ళయింది. రోజూ పదకొండింటికి లైబ్రరీలో మేమిద్దరం కలిసి పేపర్లో గళ్ళనుడికట్టు నింపేవాళ్ళం. "మీరు కూడానా టీచర్ గారూ?" అని అడిగాను.

"పేరు రాయక్కర్లేదన్నారు గానీ అమ్మాయ్, నా చేతిరాత ఈ జిల్లాలో సగంమందికి తెలుసు," అన్నారు ఆవిడ.

ఆ కాగితాల కట్ట చూసి మా ఆయన నవ్వారు. "మొహమాటం. మనవాళ్ళ నోటికి పుట్టెడు మొహమాటం. నోటిని అడగడమే తప్పు. గుండెకి మొహమాటం ఉండదు. దాన్నే అడుగుదాం."

ఏళ్ళ తరబడి ఆయన లాబ్‌లో తయారుచేస్తున్న గుండెబొట్టు అలా బయటికి వచ్చింది. పేరుకి తగ్గట్టు స్టిక్కరు బొట్టంతే ఉంటుంది. మెడ కింద ఎడమ ఎముక దిగువన అంటించుకుంటే గుండె కొట్టుకునే తీరు, కొట్టుకీ కొట్టుకీ మధ్య ఎడం, చర్మం మీద పుట్టే సన్నటి చెమ్మ అన్నీ చదువుతుంది. ఎదుట కూర్చున్న మనిషి దగ్గర మన గుండె బిగుసుకుంటోందా, నెమ్మదిస్తోందా అన్నది లెక్కకట్టి వందకి మార్కు వేస్తుంది. నెమ్మది మార్కు అంటారు దాన్ని.

మొదట్లో ఎవరూ నమ్మలేదు. అసోసియేషన్ సెక్రటరీ తాతబ్బాయి గారు ఒక రోజు బొట్టు అంటించుకుని, తన బావమరిదిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "మా బావమరిదంటే నాకు ప్రాణమండీ," అన్నారు. మార్కు పదకొండు వచ్చింది. వారం రోజులు వాటికంతా అదే నవ్వు. ఆ తర్వాత అందరూ గుండెబొట్టు అంటించుకున్నారు. నేనూ అంటించుకున్నాను.

*

లోకనాథ్ గారి మంగళవారం పెళ్ళివారి విడిదిలా ఉండేది. ఆయన గదిలోంచి నవ్వులు బయటికి వినిపించేవి. మా వంతు వచ్చినప్పుడు ఆయన మా ఆయనకి షేక్ హ్యాండ్ ఇచ్చి, తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు.

"ఏంటండీ సార్, అమ్మగారికి ఏంటి ఇబ్బంది?"

"ఈ మధ్య కాస్త నీరసం అంటోందండి. అప్పుడప్పుడు దవడ లాగుతోందంటుంది," అన్నారు మా ఆయన.

నేను ఎదురుగానే ఉన్నాను. నా దవడ గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. లోకనాథ్ గారు స్టెతస్కోపు పెట్టి చూసి, ఈసీజీ తీయించి, కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశారు.

"అమ్మా, ఈ గుండె నాకిచ్చేయండి, నాది మీరు తీసుకోండి," అన్నారు. "అంత బావుంది. దవడంటారా, పళ్ళ డాక్టరుకి చూపించండి. నీరసమంటారా, గ్యాసు. వంకాయ మానేయండి. ఏం సార్, గుత్తివంకాయ మీకు చేసిపెట్టి ఈవిడ కూడా తింటున్నట్టున్నారు!"

అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. తేలిగ్గా మెట్లు దిగి ఇంటికి వచ్చాను.

శుక్రవారం సలోమి గారు అసలు నవ్వలేదు. యాభై ఏళ్ళుంటాయి. నెరిసిన జుట్టు బిగించి ముడేసుకున్నారు. కళ్ళజోడు దారానికి వేలాడుతోంది. మమ్మల్ని చూడగానే మా ఆయనతో, "మీరు బయట కూర్చోండి సార్," అన్నారు.

"నేను ఈవిడ భర్తనండి."

"తెలుసండి. అందుకే."

ఆయన వెళ్ళాక తలుపు వేసి వచ్చి కూర్చున్నారు. "మీ ఇల్లు ఎన్నో అంతస్తు?"

"మొదటిదండి. లిఫ్టు వాడను. ఇరవై రెండు మెట్లు."

"ఎన్నో మెట్టు దగ్గర ఆగుతారు?"

ఆగుతారా అని అడగలేదు. ఎన్నో మెట్టు అని అడిగారు. నేను ఆగుతానని ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా ఎదురైతే చీర కుచ్చెళ్ళు సర్దుకుంటున్నట్టు నిలబడేదాన్ని.

"పద్నాలుగు," అన్నాను.

"ఆరు నెలల కిందట?"

నా చెయ్యి కుచ్చెళ్ళ మీదికి పోయింది. ఆరు నెలల కిందట ఇరవై రెండూ ఆగకుండా ఎక్కేదాన్ని.

"దవడ నొప్పి మెట్లెక్కినప్పుడొస్తుందా, అన్నం నమిలినప్పుడొస్తుందా?"

"మెట్లెక్కినప్పుడేనండి."

"అది పన్ను కాదు," అన్నారావిడ. "ఆడవాళ్ళకి గుండెనొప్పి గుండెలోనే రావాలని లేదు. ఊరికే తీసిన ఈసీజీలో కనిపించాలనీ లేదు. యాంజియోగ్రాం చేయాలి. వచ్చే వారమే. ఆలస్యం చెయ్యొద్దు."

బయటికి వచ్చేసరికి మా ఆయన ట్యాబ్ పట్టుకుని లేచి నిలబడి ఉన్నారు. "ఏం చెప్పిందావిడ? నీ గుండె ఎనభై నాలుగు నుంచి నూట పన్నెండుకి పోయింది. వచ్చేదాకా దిగనే లేదు. నెమ్మది మార్కు పందొమ్మిది! డాక్టరా, పోలీసా?"

"యాంజియోగ్రాం చేయించుకోమన్నారండి."

"చేయించుకోమనక ఏమంటారు? రాగానే మొగుణ్ణి బయటికి పంపేయడం, ఆడవాళ్ళని భయపెట్టడం. లోకనాథ్ గారు ఏమీ లేదన్నారు కదా. ఇద్దరూ ఒకటే చదువు చదివారు. ఒకరి దగ్గర నెమ్మదిస్తున్నావు, ఒకరి దగ్గర బెదురుతున్నావు. నీ గుండెకి తెలియదా?"

నేను వాదించలేదు. బీఎస్సీ జువాలజీ చదివినదాన్ని, కప్ప గుండె కోసి చూసినదాన్ని. అయినా వాదించలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

*

మూడు నెలలూ అయ్యాక క్లబ్ హౌస్‌లో ఫలితం ప్రకటించారు. లోకనాథ్ గారికి ఎనభై ఒకటి, సలోమి గారికి ఇరవై ఆరు. చప్పట్లు మోగాయి. సలోమి గారికి తాతబ్బాయి గారు కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం పంపారు. శుక్రవారాలు ఆగిపోయాయి.

మూడు వారాల తర్వాత, పదకొండున్నరకి, లైబ్రరీలో మాణిక్యాంబ గారు పోయారు.

నేను పక్కనే ఉన్నాను. నిలువు పదిహేడు, అయిదక్షరాలు, చివర 'ము' అని చదివారు. నేను ఆలోచిస్తున్నాను. "దవడ మళ్ళీ లాగుతోందే అమ్మాయ్," అన్నారు. తలెత్తి చూసేసరికి ఆవిడ కళ్ళజోడు పేపరు మీద పడి ఉంది. అంబులెన్స్ పది నిమిషాల్లో వచ్చింది. ఆ పది నిమిషాలు కూడా ఎక్కువే అయ్యాయి.

ఆవిడ దవడ నొప్పికి లోకనాథ్ గారు పళ్ళ డాక్టరు దగ్గరికి పంపారు. పళ్ళ డాక్టరు ఒక పన్ను పీకారు. ఆ పన్నులో ఏ దోషమూ లేదని తర్వాత తెలిసింది.

సంతాపసభలో లోకనాథ్ గారు కళ్ళు తుడుచుకున్నారు. "మహాతల్లి, ఏ బాధా పడకుండా వెళ్ళిపోయారు," అన్నారు. అందరూ తలలూపారు. బాధ పడలేదని ఆయనకెవరు చెప్పారు? ఆవిడ పడ్డారు, నాతో చెప్పారు. వినవలసిన మనిషితో కూడా చెప్పారు. ఆయన జోకు వేశాడు.

ఇంటికొచ్చి మా ఆయనతో అదే అన్నాను.

"వయసు డెబ్భై నాలుగు కాత్యాయనీ. ఎవరున్నా జరిగేది," అన్నారు. "ఒక్క మరణం పట్టుకుని తీర్పు చెప్పకూడదు. మేం మొత్తం అందరి లెక్కా చూస్తాం."

ఆ మొత్తం అందరి లెక్కా నేను కూడా చూడాలనిపించింది.

*

మర్నాడు లాబ్‌కి వెళ్ళాను. మా ఆయన భోజనానంతరం కునుకు తీస్తున్నారు. మృదుల ఒక్కర్తే ఉంది. హైదరాబాదులో పదహారు వృద్ధుల కాలనీల వాళ్ళు కలిసి గుండెబొట్టు గురించి వినడానికి సభ పెట్టుకున్నారు. ఆ సభలో చూపించడానికి బొమ్మలు తయారుచేస్తోంది.

"చూడమ్మా, ఇది మన బెస్ట్ గ్రాఫు," అని తెర మీద ఒక గీత చూపించింది. గీత ఎత్తున మొదలై, మెత్తగా వాలి, కింద కాలవలా సాగింది. "లోకనాథ్ గారి గదిలోకి వచ్చినప్పుడు నూట నాలుగు. నలభై సెకన్లలో డెబ్భై ఒకటి. ఎవరికీ ఇంత బాగా రాలేదు. మార్కు తొంభై ఏడు. నాన్న దీన్నే మొదట పెట్టమన్నారు."

గీత కింద పేరు లేదు. ఫ్లాటు నంబరు మాత్రం ఉంది. బీ-307.

"మృదులా, అది మాణిక్యాంబ గారి ఇల్లు."

మృదుల చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. దానికి నిజంగా తెలియదు. లెక్కల్లో మనుషులు నంబర్లుగానే ఉంటారు. "నేను చూసుకోలేదమ్మా," అంది.

"దవడ నొప్పి పన్ను వల్లేనని చెప్పిన రోజు గీత ఇది. ఆ అబద్ధం విని ఆవిడ గుండె ఎంత సుఖపడిందో చూడు. దీన్ని పదహారు కాలనీలకి చూపిస్తారా?"

నాకు ఊపిరి బరువుగా ఉంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "నాది చూపించు," అన్నాను. "ఏ-112."

వెతికింది. వరస దొరికింది. కానీ ఆ వరసలో అంకెలు నావి కావు. లోకనాథ్ గారి దగ్గర నలభై నిమిషాలు క్రికెట్ కబుర్లు చెప్పిన మనిషివి.

"ఇవి మీ నాన్నవి. నావేవి?"

"నీవి కూడా రికార్డయ్యాయమ్మా. మొత్తం మార్కులో మాత్రం కలపలేదు." కళ్ళు దించుకుంది. "ఇంటికొకటేనమ్మా. అసోసియేషన్ ఓట్ల రూలు ప్రకారం. ఫ్లాటు ఎవరి పేరున ఉంటే వాళ్ళ గుండె. నాన్న అలాగే రాయమన్నారు. లేకపోతే ఒంటరిగా ఉన్నవాళ్ళకి అన్యాయమని తాతబ్బాయి గారు ఒప్పుకోరట."

క్లబ్ హౌస్‌కి రంగు వేయించడానికి ఓటు ఇంటికొకటి. లిఫ్టు మార్పించడానికి ఓటు ఇంటికొకటి. సరే. గుండెలు కూడా ఇంటికొకటా? మా ఇంట్లో వంటిల్లు ఒకటి, హాలు ఒకటి, గుండె ఒకటి!

"మరి బీ-307 ఎలా కలిసింది?" అని అడిగాను. అడుగుతూండగానే జవాబు తెలిసింది. ఆవిడ ఫ్లాటు ఆవిడ పేరునే ఉంది, మొగుడు లేడు గనక. ఈ వాటికలో ఆడదాని గుండె లెక్కలోకి రావాలంటే ముందు విధవ కావాలి.

"అందరివీ కలిపి మళ్ళీ లెక్కకట్టు. ఆడవాళ్ళవి విడిగా కట్టు," అన్నాను.

"అమ్మా, నాన్నకి చెప్పకుండా..."

"నా గుండె అంకెలు చూడటానికి ఎవరికి చెప్పాలే?"

మృదుల కూర్చుని లెక్క నడిపించింది. నేను తెర వంక చూస్తూ, రాబోయే సభలో ఏం మాట్లాడాలో కూర్చుకుంటున్నాను. 'ఆడవాళ్ళ గుండెలు ఎవరిని ఎంచుకున్నాయో చూడండి' అని మొదలుపెట్టాలనుకున్నాను.

లెక్క వచ్చింది. ఆడవాళ్ళలో లోకనాథ్ గారికి ఎనభై తొమ్మిది. సలోమి గారికి పద్దెనిమిది.

మగవాళ్ళకంటే ఎక్కువ. నమ్మలేక నా వరస విడిగా తీయించాను. లోకనాథ్ గారి ఎదుట ఎనభై ఎనిమిది నుంచి డెబ్భైకి దిగాను. మార్కు తొంభై ఒకటి. నా గుండె కూడా ఓటు ఆయనకే వేసింది.

యంత్రం తప్పు చెప్పిందనడానికి లేదు. ఆ రోజు తేలిగ్గా మెట్లు దిగిన మాట నిజమే. ఎందుకు తేలికపడ్డాను? ఆయన నన్ను ఏమీ అడగలేదు గనక. ఆసుపత్రి అక్కర్లేదు, ఎవరూ పనులు మానుకుని నా వెంట తిరగక్కర్లేదు, నా మూలాన ఎవరికీ ఇబ్బంది లేదు అని తెలిసింది గనక. జ్వరంతో ఉండి కూడా చుట్టాలకి 'ఏం లేదండీ, కూర్చోండి' అంటూ కాఫీ కలిపినప్పుడు ఇలాగే తేలికపడేదాన్ని. చిన్నప్పటి నుంచీ నోటికి నేర్పిన పాఠమే గుండె కూడా పక్కనే కూర్చుని నేర్చుకుంది.

"మీ నాన్న లెక్క మొదటి వాక్యంలోనే తప్పు మృదులా," అన్నాను. "గుండెకి కూడా మొహమాటం ఉంది."

అది నా వంక చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "సలోమి గారి దగ్గర నూట పన్నెండుకి ఎందుకెళ్ళిందమ్మా? ఏమన్నారావిడ నిన్ను?"

పద్నాలుగో మెట్టు సంగతి అప్పుడు చెప్పాను. మృదుల తెర ఆపేసింది. స్కూటర్ తాళాలు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

"ఇప్పుడే కాదే. మీ నాన్న శుక్రవారం హైదరాబాదు వెళ్తారు. ముందు నేను ఆ డాక్టర్ని కొన్ని ప్రశ్నలు అడగాలి," అన్నాను.

*

శనివారం ఉదయం రాజమండ్రిలో సలోమి గారి ఎదుట కూర్చున్నాను. మృదుల పక్కన ఉంది. బయలుదేరే ముందు గుండెబొట్టు పీకి బాత్రూం అద్దానికి అంటించాను. నోటుపుస్తకంలో ప్రశ్నలు రాసుకుని వెళ్ళాను. అప్పడాల పిండి కొనేటప్పుడు కూడా నాలుగు ప్రశ్నలు వేసేదాన్ని, గుండె అప్పగించేటప్పుడు ఒక్కటీ అడగకుండా మూడు నెలలు గడిపాను.

"స్టెంట్లు ఏడాదికి ఎన్ని వేస్తారండి?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నన్ను పరీక్షగా చూశారు. "పోయిన ఏడాది రెండు వందల పన్నెండు."

"అందులో ఇంటికి వెళ్ళనివాళ్ళు?"

మృదుల నా మోచెయ్యి పట్టుకుంది. సలోమి గారు తడుముకోలేదు. "ముగ్గురు. ఇద్దరు ప్రాణాపాయంలో వచ్చినవాళ్ళు. మూడో మనిషి విషయంలో నేను గంట ఆలస్యం చేశాను. ఇప్పుడైతే చెయ్యను."

"వెయ్యక్కర్లేదని ఎంతమందిని వెనక్కి పంపారు?"

"యాంజియోగ్రాం చేసినవాళ్ళలో మూడో వంతుకి పైగా. మందులతో సరిపోతుంది."

"అవసరపడితే నాకు వేసేది మీరేనా, మీ జూనియర్లా?"

"నేనే. రాత్రయినా పగలైనా ఫోను తీసేది కూడా నేనే. ఒక మాట నేనూ చెప్పాలి. నాకు మెత్తగా మాట్లాడటం రాదు. మా ఆసుపత్రిలో కూడా దాని మీద ఫిర్యాదులున్నాయి. మీ వాటికవాళ్ళు నన్ను వద్దనుకున్నారంటే వాళ్ళ తప్పు కొంత, నాది కొంత."

"వాటికవాళ్ళు మిమ్మల్ని ఈ ప్రశ్నలు అడగలేదాండి?"

"ఒక్కరూ అడగలేదండి. టీ తాగారా అని మాత్రం అందరూ అడిగారు."

ఆ రోజే మణికట్టు దగ్గర సన్నటి గొట్టం పెట్టి యాంజియోగ్రాం చేశారు. తెర మీద నా గుండె నాకే చూపించారు. రెండు చోట్ల నాళం చీమ నడుములా సన్నబడింది. ఒకటి తొంభై శాతం మూసుకుపోయింది. "ఇంకో నెల ఆగి ఉంటే నేను హామీ ఇవ్వలేకపోయేదాన్ని," అన్నారు. అక్కడికక్కడే వేసేస్తానని కూడా అన్నారు. నేను అయిదు రోజులు అడిగాను. నాకు భయం లేక కాదు. ముప్పై ఎనిమిదేళ్ళు నా తరఫున మాట్లాడిన మనిషితో ఈ ఒక్క సంగతి నా నోటితో నేను చెప్పాలి. ఆవిడ ముఖం చిట్లించారు. మందులిచ్చి, మెట్లు ఎక్కొద్దని, దవడ లాగితే ఆ క్షణమే రమ్మని, గురువారం దాటితే ఊరుకోనని చెప్పి పంపారు.

బయలుదేరే ముందు స్టెంట్లకి అంగీకార పత్రం తెచ్చిన నర్సు, "భర్త గారు రాలేదాండి? సంతకం?" అంది.

"గుండె ఎవరిదమ్మా?" అని అడిగి, నేనే సంతకం పెట్టాను.

*

ఆదివారం మధ్యాహ్నానికి మా ఆయన హైదరాబాదు నుంచి వచ్చారు. ముఖం వెలిగిపోతోంది. వంట మృదుల చేసింది. మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు. ముగ్గురం కూర్చున్నాం. నా మణికట్టు మీద కట్టుని చీర కొంగు కప్పింది.

"పదహారు కాలనీలూ ఒప్పుకున్నాయి," అన్నారు పప్పు కలుపుకుంటూ. "ఆ మొదటి గ్రాఫు పడగానే హాలంతా చప్పట్లు. అన్నట్టు కాత్యాయనీ, నిన్నటి నుంచి నీ గుండెబొట్టు సిగ్నల్ రావడం లేదు. ఊడిపోయిందా?"

"నేనే పీకేశాను."

"ఏం? దురద పెట్టిందా?"

"వాళ్ళు చప్పట్లు కొట్టింది ఎవరి గ్రాఫుకో తెలుసాండీ మీకు?"

ఆయన ముద్ద చేతిలోనే ఆగింది. మృదుల వంక చూశారు. మృదుల కళ్ళు దించుకోలేదు.

"మాణిక్యాంబ గారిది నాన్నా," అంది. "నేను రేపు పదహారు చోట్లకీ రాస్తాను. ఫలితం ప్రకటించిన మూడు వారాలకి ఆ మనిషి గుండెపోటుతో పోయారని కూడా రాస్తాను."

"మీ ఇద్దరూ కలిసి ఏం చేస్తున్నారు? ఎన్నేళ్ళ పని అది! గుండె నెమ్మదించడం కొలిచాను. అది నెమ్మదించలేదా? అబద్ధం చెప్పానా?"

"చెప్పలేదు," అన్నాను. "మనసుకి హాయిగా ఉండటాన్ని కొలిచి, దానికి మంచి వైద్యం అని పేరు పెట్టారు. అదీ మీరు చేసింది. నాకు రెండు చోట్ల నాళాలు మూసుకుపోయాయి. నిన్న యాంజియోగ్రాం చేయించుకున్నాను." కొంగు తీసి కట్టు చూపించాను.

ఆయన చెయ్యి కంచంలోకి వాలింది. ఆయన ముఖం పాలిపోవడం చూసి నాకు జాలి కలిగింది. 'ఏం ఫరవాలేదండీ' అనబోయాను. నాలిక చివరిదాకా వచ్చిన ఆ మాటని మింగేశాను.

"నాకు చెప్పకుండానా?" అన్నారు. "లోకనాథ్ గారికి ఫోన్ చేస్తాను. ఈ సాయంత్రమే చూస్తారు. మనకి ఆయన... నీ అంకెలు నేను చూశాను కాత్యాయనీ. ఆయన దగ్గర నీకు తొంభై ఒకటి. నీ గుండె ఆయన్నే ఎంచుకుంది!"

నా అంకెలు ఆయన మొదటి నుంచీ చూస్తూనే ఉన్నారు. చూసి కూడా లెక్కలో కలపలేదు. ఈ నెలల్లో నాకు వచ్చిన కోపాలన్నీ కలిపినా అప్పుడు వచ్చినంత లేవు. అయినా గొంతు పెంచలేదు.

"నా గుండె ఆయన్ని ఎంచుకుంది," అన్నాను. "నేను సలోమి గారిని ఎంచుకున్నాను. గురువారం ఉదయం ఆరింటికి ఆసుపత్రిలో చేరుతున్నాను. స్టెంట్లు ఆవిడే వేస్తారు. సంతకం పెట్టేశాను."